విప్పితే ఏముంది, మళ్ళీ అల్లుకోవచ్చుగా!

అక్కలారా, చెల్లెళ్ళారా! లేసు అల్లుకునే ప్రతి ఇల్లాలికీ ఫోటోలు తీసే మొగుడు ఒకడు ఉండి తీరాలి. లేనివాళ్ళు ఇవాళే ప్రార్థన మొదలుపెట్టండి. ఉన్నవాళ్ళంటారా, ఈ కాలువ పొడుగునా వెతికితే నేనొక్కదాన్నే తేలాను. అందుకే ఆ భాగ్యం ఎలాంటిదో నలుగురికీ చెప్పే బాధ్యత నా నెత్తిన పడింది.

నవ్వకండి. నేను చాలా గంభీరంగా రాస్తున్నాను. పత్రికవారు కూడా దీన్ని వంటల పక్కన కాకుండా ఉపదేశాల పక్కన వేయాలని మనవి.

నా పేరు సంపూర్ణమ్మ. మిషనువారి ఆడపిల్లల బడిలో ఐదో తరగతి దాకా చదివాను. లేసు కూడా అక్కడే, దొరసానిగారి కాళ్ళ దగ్గర చాప మీద కూర్చుని నేర్చుకున్నాను. నమూనాల పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. చదివి, అర్థం చేసుకుని, అల్లేస్తాను. మావారు మగపిల్లల బడిలో లెక్కల మాస్టారు. ఆయన పేరు నా నోటితో చెప్పకూడదు. ఊరంతా ఆశీర్వాదం మాస్టారు అంటుంది. ఊరన్న మాటే రాశాను గనక తప్పు నాది కాదు.

రాజమండ్రి దగ్గర గోదావరికి రైలు వంతెన కట్టడం మొదలుపెట్టిన ఏడు, మా మిషను దొరగారు ఓడెక్కి సీమకి తిరిగి వెళ్ళిపోయారు. పోతూ పోతూ తన కెమెరానీ, దాని మూడు కాళ్ళ స్టాండునీ, గోడెత్తున పేర్చిన గాజు ప్లేట్ల పెట్టెల్నీ మావారికి ఇచ్చేశారు. వాటితో పాటు ఒక సలహా కూడా ఇచ్చారు. "మాస్టర్, రోజుకి ఒక ఫోటో తియ్యి. ఒక్క రోజూ మానకు. అప్పుడే చెయ్యి కుదురుతుంది."

రోజూ బైబిలు చదవమని చెప్పి ఉంటే మావారు అప్పుడప్పుడు మరిచిపోయేవారు. రోజూ బావిలో నీళ్ళు తోడమని చెప్పి ఉంటే అసలు వినిపించేదే కాదు. ఈ సలహా మాత్రం ఎముకల్లోకి దిగిపోయింది! జ్వరం వచ్చినప్పుడు దుప్పటి కప్పుకుని తీశారు. గాలివానకి ఇంట్లోకి మోకాళ్ళ లోతు నీళ్ళొస్తే స్టాండు మంచం మీద నిలబెట్టి, నీళ్ళలో తేలుతున్న మా బియ్యపు బుట్టని తీశారు. బుట్ట ఫోటో చాలా బాగా వచ్చింది. బియ్యం సంగతి మీరు అడగలేదు గనక నేను చెప్పను.

మొదటి నెల ఆయన ఊరంతా తిరిగారు. గేదెను తీస్తే గేదె కదిలింది. కాలువలో సత్తియ్య పడవను తీస్తే పడవ కదిలింది. పాస్టరుగారిని తీస్తే సరిగ్గా ఆ క్షణానే ఆయనకి తుమ్మొచ్చింది, భుజాల మీద తలకి బదులు తెల్లటి మబ్బు పడింది. నెల తిరిగేసరికి మావారు ఒక నిర్ణయానికి వచ్చారు.

"సంపూర్ణం, ఈ ఊళ్ళో కదలకుండా ఒకచోట కూర్చునేది నువ్వొక్కదానివే!"

పొద్దుట లేచింది మొదలు నీళ్ళు మోసి, పిండి విసిరి, అంట్లు తోమి, ఇక లేసు సూది పట్టుకుని వసారాలో కూర్చున్న మనిషిని చూసి అన్నమాట అది. నేను పొగడ్తగానే తీసుకున్నాను. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆయన నన్ను పట్టి చూసింది అదే మొదటిసారి మరి!

ఇక్కడే ఈ భాగ్యంలోని మొదటి సుఖం. రోజూ భార్య వంక చూసే మొగుడు మీలో ఎంతమందికి ఉన్నాడు? నాకున్నాడు. రోజూ పొద్దున్నే నల్లగుడ్డ కింద తల దూర్చి, కెమెరా వెనకనున్న అద్దంలో నన్ను తనివితీరా చూసేవారు. ఆ అద్దంలో మనిషి తలకిందులుగా కనబడుతుందట. అయితేనేం? చూడకపోవడం కంటే తలకిందులుగా చూడడం నయం కాదా?

రెండో సుఖం భక్తి. మా ఇంట్లో గడియారం లేదు. లెన్సు మూత తీసి ఎంతసేపు ఉంచాలో కొలవడానికి మావారు పరలోక ప్రార్థన చెప్పేవారు. ఎండ బాగా ఉంటే సగం. మబ్బు పడితే మొత్తం. ముసురు పట్టిన రోజు రెండుసార్లు! ఎదురుగా ఒకాయన కళ్ళు తెరుచుకుని గట్టిగా ప్రార్థన చేస్తుంటే మనం సూది ఆడించడం ఏం మర్యాద? అలా రోజూ ఒక విడత నా చేతులకి బలవంతపు విశ్రాంతి దొరికేది. అలవాటు ఊరుకోక వేళ్ళు కదిలాయో, ఫోటోలో నా మణికట్టు దగ్గర్నుంచి పొగ పడేది. ముఖం ఉండేది, రవిక ఉండేది, ఒళ్ళో లేసు ఉండేది. చేతులుండేవి కావు. "చెయ్యి కదిపావు" అనేవారు నిష్ఠూరంగా. లేసు అల్లుతున్న ఆడదాన్ని తీస్తూ చెయ్యి కదపొద్దంటే ఎలాగండీ అని నేనెప్పుడూ అడగలేదు. కళ గురించి నాకేం తెలుసు?

మూడో సుఖం శుచి. ప్లేట్లు కడిగే మందునీళ్ళకి మావారి వేళ్ళు మోచేతి దాకా కాకపోయినా కణుపుల దాకా నల్లబడిపోయాయి. లేసు తెల్లగా ఉండాలి, లేకపోతే దొరసానిగారు ముట్టుకోరు. ఆ నల్లటి వేళ్ళతోనే మావారు వచ్చి, "ఈ మడత ఇలా పడితే బాగుంటుంది" అని నా ఒళ్ళో లేసును సర్దేవారు. నేను కుంకుడురసంలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరేసేదాన్ని. ఉతికిన కొద్దీ దారానికి బుద్ధి వస్తుందని మీకు తెలుసా? నాకూ తెలియదు. చిరుగు మాత్రం వస్తుంది.

శనివారం బడికి సెలవు. వారం రోజుల ప్లేట్లూ ఆ రోజే కడిగేవారు. దానికి చీకటి గది కావాలి. మాకున్నది రెండు గదులు. అందుకని ప్రతి శనివారం మా వంటగది తలుపులు మూసి, సందులకి నా ఎర్రచీర చింపి కుక్కి, పొయ్యి ఆర్పేసేవారు. అలా వారానికోపూట ఉపవాసం కూడా అమరింది. ఒక్క కెమెరా వల్ల భక్తి, శుచి, ఉపవాసం మూడూ ఒకే ఇంటికి రావడం మీరెక్కడైనా విన్నారా?

ఇంతవరకూ చెప్పినవి చిన్న సుఖాలు. అసలు సంగతికి వస్తాను.

కిందటి మాఘమాసంలో మాకు లేసు నేర్పిన దొరసానిగారు లేసు అల్లేవాళ్ళందర్నీ పిలిచి ఒక మాట చెప్పారు. ఆడపిల్లల బడిలో లేసు నేర్పడానికి ఒక పంతులమ్మ కావాలి. పోటీ పడేవాళ్ళు నలభై చుట్ల గుండ్రటి బల్లగుడ్డ అల్లాలి. దారం ఆవిడే కొలిచి ఇస్తారు. వేసవికి కాలువ కట్టేసే ముందు వెళ్ళే చివరి పడవలో ఆవిడే స్వయంగా ఆ గుడ్డలన్నీ నిడదవోలు స్టేషనుకి, అక్కణ్ణుంచి చెన్నపట్నం ఎగ్జిబిషనుకి పట్టుకెళ్తారు. అక్కడ ఎవరి గుడ్డ బాగుందంటే వాళ్ళే పంతులమ్మ. తర్వాత ఆవిడ అట్నుంచటే కొండల మీదికి చల్లదనానికి వెళ్ళిపోతారు. కాలువకి మళ్ళీ నీళ్ళు వదిలాకే రాక.

ఆ పోస్టు నాకు కావాలి. ఇక్కడ ఒక్కచోట వేళాకోళం ఆపి నిజం చెబుతాను. చాలా కావాలి. నేను చాప మీద కూర్చుని నేర్చుకున్న ఆ గదిలోనే కుర్చీ వేసుకుని కూర్చోవాలి. పుట్టినప్పుడు ఫలానావారి పిల్లని, పెళ్ళయ్యాక మాస్టారి భార్యని. నా చేతిపని వల్ల నాకొక పిలుపు రావాలని, "పంతులమ్మగారూ" అని ఎవరైనా పిలిస్తే వెనక్కి తిరిగి చూడాలని ఉండేది. ఎవరికీ చెప్పలేదు. మావారికి కూడా పోస్టు సంగతి చెప్పానుగానీ ఇదంతా చెప్పలేదు.

మావారు నా కంటే ఎక్కువ సంబరపడ్డారు!

"నలభై చుట్లు, నలభై ఫోటోలు! రోజుకో చుట్టు నువ్వు అల్లు, రోజుకో ఫోటో నేను తీస్తాను. పువ్వు మొగ్గ నుంచి విచ్చినట్టు లేసు ఎలా పెరిగిందో వరసగా లోకమంతా చూస్తుంది" అన్నారు.

కాలువ కట్టేయడానికి ఇంకా అరవై రోజులకి పైనే ఉంది. నలభై చుట్లు నాకు ఒక లెక్కా? సరేనన్నాను.

మొదటి శనివారం వంటగదిలోంచి ఆయన మొహం వేలాడేసుకుని బయటికొచ్చారు.

"సంపూర్ణం, రెండోది పోయింది."

"ఏం రెండోదండీ?"

"రెండో రోజు ప్లేటు. మసకేసింది."

"పోతే పోయింది లెండి. ఒకటుంది, మూడుంది, నాలుగుంది, ఐదుంది, ఆరుంది."

లెక్కల మాస్టారితో అనకూడని మాట అనేశాను. ఆయన నన్ను బల్ల మీద నిలబెట్టవలసిన పిల్లాణ్ణి చూసినట్టు చూశారు. "ఒకటి తర్వాత మూడు ఎక్కడైనా వస్తుందా? వరసంటే వరస! రెండో చుట్టు దాకా విప్పేయి. పొద్దున్నే ఒక ఫోటో తీసేసుకుంటాను."

"విప్పాలా? నాలుగు రోజుల పనండీ!"

"విప్పితే ఏముంది, మళ్ళీ అల్లుకోవచ్చుగా! దారం ఎక్కడికీ పోదు" అన్నారు చాలా ప్రేమగా.

లేసు గురించి తెలియని వారి కోసం ఒక మాట. లేసు అల్లడానికి రోజులు పడతాయి. విప్పడానికి కొస దొరకబుచ్చుకుని లాగితే చాలు, సర్రున వచ్చేస్తుంది. ఈ సౌకర్యం వేరే ఏ పనిలోనూ లేదు. వండిన అన్నాన్ని బియ్యం చెయ్యమని ఏ మొగుడూ అడగలేడు. అందుకే చూడండి, ఫోటోల మొగుడికి లేసు భార్యే తగిన జోడీ!

అక్కణ్ణుంచి మా జీవితం ఒక దారిలో పడింది. సోమవారం నుంచి శనివారం పొద్దుటి దాకా నేను అల్లేదాన్ని. శనివారం ఏ ప్లేటు పోయిందో తెలిసేది. ఆ చుట్టు దాకా విప్పేదాన్ని. ఒక వారం తొమ్మిదోది పగిలింది. ఒక వారం పదమూడోది మందులో ఎక్కువసేపు నానింది. ఇంకో వారం ఎర్రచీర పేలికకి చిన్న చిల్లు పడి వెలుతురు దూరి పదిహేనూ పదహారూ కలిసి పోయాయి. ఎర్రచీర నాదే కాబట్టి ఆ తప్పు నాదేనని తేలింది.

ఒకసారి మాత్రం తమాషా జరిగింది. పొరపాటున ఒకే ప్లేటు మీద రెండు రోజుల ఫోటోలు పడ్డాయి. ఒక నా మీద ఇంకొక నేను కూర్చుని ఉన్నాను. తలకాయ ఒకటే, చేతులు నాలుగు! అన్ని ఫోటోల్లోకీ నాకు నచ్చింది అదొక్కటే. ఈ ఇంటిపని సంగతి తెలిసిన ఎవరో తీసినట్టుగా ఉంది. మావారు "ఛీ, పాడైంది" అని పారేసి, రెండు చుట్లు విప్పమన్నారు.

ఇదంతా చూసి నాకు రూతు మీద చెప్పలేనంత జాలి కలిగేది. రూతు మా వీధిలోనే ఉంటుంది. నాతో పాటే లేసు నేర్చుకుంది, నాతో పాటే దారం తెచ్చుకుంది. దాని మొగుడు చిట్టియ్య పొద్దున్నే పొలం పోయి సాయంత్రానికి వస్తాడు. లేసుకి ఏది ముందో ఏది వెనకో కూడా అతనికి తెలియదు. పాపం, దాన్ని ఎవరూ ఫోటో తీయరు. చుట్టు చుట్టుకీ ఆగి నిలబడి చూసేవాళ్ళు లేరు. దిక్కులేని దానిలా అల్లుకుంటూ పోయి ఉగాది కల్లా నలభై చుట్లూ ముగించేసింది!

ఒక సాయంత్రం మా వసారాలోకి వచ్చి నా ఒళ్ళోకి తొంగి చూసింది.

"ఏంటి సంపూర్ణక్కా, మొన్న ఇరవై రెండన్నావు, ఇవాళ పద్దెనిమిదే కనబడుతున్నాయేంటి?"

"మా ఇంట్లో లేసు వెనక్కి కూడా పెరుగుతుందమ్మా."

రూతు నవ్వలేదు. నా వేళ్ళ వంక చూసింది. "దారం నలిగిపోయిందక్కా. ఇంక విప్పకు. మాస్టారికి నువ్వైనా గట్టిగా చెప్పు" అంది.

మీరూ అదే అంటారు, నాకు తెలుసు. గట్టిగా చెప్పొచ్చుగా! ఏమని చెప్పమంటారు? తాగి వచ్చే మొగుడైతే ఊరు నా పక్కన నిలబడేది. కొట్టే మొగుడైతే పాస్టరుగారు వచ్చి బుద్ధి చెప్పేవారు. ఈయన నా లేసు మీద మోజుతో, నా పని నలుగురూ చూడాలని, ఎండా వానా లేకుండా కష్టపడుతున్నారు. "మా ఆయన నన్ను మరీ పట్టించుకుంటున్నారండీ" అని ఏ పెద్దమనిషి దగ్గరికి వెళ్ళి మొర పెట్టుకోను? అయినా ఒకసారి అన్నాను. "చివరి పడవకి అందదేమోనండీ" అని. "నేనున్నానుగా" అన్నారు. ఆ మాటకి నాకు నిజంగానే భయం వేసింది.

చైత్రం వెళ్ళిపోతుండగా దండోరా వేశారు. శనివారం పగలు పదింటికి లాకు తలుపులు మూసేస్తారు, కాలువ కట్టేస్తారు. దొరసానిగారి పెట్టెలు సత్తియ్య పడవకి చేరాయి.

ఆ శనివారం పొద్దున నా చేతిలో ముప్పైతొమ్మిదిన్నర చుట్లున్నాయి. నలభైలో సగం. ఎంత, ఇంకో గంట పని! వసారాలో ఎండ చక్కగా పడుతోంది. మావారు ఆ రోజు ఫోటో పొద్దున్నే తీసేసుకుని, ఆ వారం ప్లేట్లు పట్టుకుని వంటగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. నాకు అడ్డు లేదు, ప్రార్థన లేదు. చేతులు వాటంతటవే ఆడుతున్నాయి. అంత ఆనందంగా నేనెప్పుడూ అల్లలేదు.

కాలువ గట్టు మీంచి సత్తియ్య కేకేశాడు. "సంపూర్ణమ్మగారండీ! దొరసానమ్మగారు కూకున్నారండీ! లాకు మూసేత్తే ఇంక పడవ ఎల్లదండీ!"

లేసుని సూదితో సహా జాగ్రత్తగా పీట మీద పెట్టి గట్టుకి పరిగెత్తాను. దొరసానిగారు గొడుగు వేసుకుని పడవలో కూర్చుని ఉన్నారు. ఆవిడ తెలుగు మన పుస్తకాల్లో తెలుగు కంటే శుద్ధంగా ఉంటుంది.

"సంపూర్ణమ్మా, నీ పని ముగిసెనా?"

"అరగంట ఆగండమ్మా. ఒక్క అరగంట! ఆఖరి చుట్టులో సగమే ఉంది."

ఆవిడ సత్తియ్య వంక చూశారు. సత్తియ్య ఎండ వంక చూశాడు. "అరగంటంటే ఆపుతానండీ. గెడేసి గట్టిగా తోసుకెళ్ళిపోతాను. అంతకి మించైతే నా వల్ల కాదండీ" అన్నాడు. దొరసానిగారు తలాడించారు. "పూర్తి కాని పనిని మాత్రము నేను తీసికొనిపోజాలను" అని చెప్పారు.

అరగంట! నాకు అంత కూడా అక్కర్లేదు. ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చాను.

వసారాలో మావారు నిలబడి ఉన్నారు. నల్లటి వేళ్ళ మధ్య తెల్లటి దారపు ఉండ. చాలా నీటుగా చుట్టారు.

"సంపూర్ణం, ముప్పై ఎనిమిదోది పోయింది. నువ్వు మళ్ళీ శ్రమ పడతావని నేనే విప్పేశాను. ఎక్కడ ఆపాలో సరిగ్గా తెలియలేదు, ఒకటి ఎక్కువే వచ్చినట్టుంది. ముప్పై ఏడు దాకా ఉంది చూడు."

గుడ్డ అందుకుని చుట్లు లెక్కపెట్టాను. ముప్పై ఏడే.

"విప్పితే ఏముంది..." అని ఆయన మొదలుపెట్టి, ఎందుకో మిగతా మాట మింగేశారు.

సత్తియ్య అరగంటకి మించి ఆగాడు. తర్వాత గెడ వేసిన చప్పుడు వినబడింది. ఇంకాసేపటికి లాకు తలుపులు మూసుకున్న చప్పుడు కూడా వినబడింది. నేను పీట మీద కూర్చున్నాను. ముప్పై ఏడు చుట్ల గుడ్డ ఒళ్ళో ఉంది. దాని మీద నా చేతులు రెండూ ఉన్నాయి. వాటికి చేయడానికి ఏమీ లేదు.

మావారు చప్పుడు చేయకుండా స్టాండు తెచ్చి ఎదురుగా పెట్టారు. ఆ రోజు ఫోటో అయిపోయింది నిజమేగానీ, ఎండ బాగుందట. ప్రార్థన సగం దాకా చెప్పారు. కదలొద్దని చెప్పవలసిన పని పడలేదు.

"ఇవాళ ఎంత బాగా కూర్చున్నావు!" అన్నారు.

ఫోటో అద్భుతంగా వచ్చింది. పదివేళ్ళూ లెక్కపెట్టుకోవచ్చు. గోళ్ళు కూడా కనబడుతున్నాయి.

వానలు పడ్డాక మావారు దాన్ని చెన్నపట్నంలో ఫోటోల పోటీకి పంపారు. కింద "లేసు అల్లుతున్న స్త్రీ" అని రాశారు. మొదటి బహుమతి! వెండి మెడల్, దానితో పాటు ఆరు పెట్టెల కొత్త ప్లేట్లు. పోటీవాళ్ళు రాసిన ఉత్తరాన్ని పాస్టరుగారు ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ చదివి వినిపించారు. ఆ స్త్రీ ముఖంలో ఎంత శాంతి ఉందట! ఆ చేతుల్లో ఎంత నెమ్మది ఉందట! తన పనిలో తాను తృప్తిగా లీనమైన ఇల్లాలికి ఇంతకంటే చక్కటి చిత్రం ఇంతవరకూ రాలేదట! సంఘమంతా మాస్టారిని అభినందించింది. ఒకరిద్దరు నా వైపు తిరిగి, "నువ్వు కూడా బాగా పడ్డావమ్మా" అన్నారు.

ఆ గుడ్డ ఏమైందంటారా? బల్లకి చాలదు. కెమెరాకి మాత్రం కొలిచినట్టు సరిపోయింది. దుమ్ము పడకుండా దాని మీద కప్పి ఉంచుతున్నారు. పంతులమ్మ పోస్టు రూతుకి వచ్చింది. దాని పని బాగుంది, నాకు దాని మీద కోపం లేదు. మొదటి రోజు బడికి వెళ్ళే ముందు మా ఇంటికి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేనే ఊరుకోబెట్టాను.

కొండల నుంచి వచ్చాక దొరసానిగారు మళ్ళీ పిలిచారు. కాలువ అవతలి ఊరి బడికి ఇంకో పంతులమ్మ కావాలట. అదే నియమం, అదే నలభై చుట్లు. ఈసారి గడువు క్రిస్మసుకి పది రోజుల ముందు వెళ్ళే పడవ. కొత్త దారం తెచ్చుకున్నాను. ఆ కబురు విని మావారు కొత్త ప్లేట్ల పెట్టెల మీద చెయ్యి వేసి, "ఈసారి ఒక్కటి కూడా పోకుండా నలభై వరసగా తీద్దాం! కిందటిసారి ఎక్కడెక్కడ తప్పు జరిగిందో అన్నీ రాసి పెట్టుకున్నాను" అన్నారు.

అక్కలారా, అంత మంచి మనిషికి నేనేం చేశానని? ఒక్క సాయమైనా చేశానా ఇన్నాళ్ళలో? నాకే సిగ్గేసింది.

కార్తీకంలో ముసురు విడిచి మంచి ఎండ కాసింది. వానాకాలం వెళ్ళగానే మన గోదావరి ఇళ్ళల్లో ఏం చేస్తామో మీకు వేరే చెప్పాలా? పరుపులు, పప్పులు, మిరపకాయలు, చింతపండు, పెట్టెల్లో ఉన్న బట్టలు, ఇంట్లో తేమ పట్టిన ప్రతి వస్తువునీ వాకిట్లో ఎండబెడతాం. నేనూ అన్నీ పెట్టాను. అటకమీద చూస్తే పాపం, ఆ ఆరు పెట్టెలూ వానాకాలమంతా అలా మూసినవి మూసినట్టే ఉన్నాయి. మూత మీద ఇంగ్లీషులో ఏదో ఎర్రక్షరాలతో రాసి ఉంది. నేను చదివింది ఐదో తరగతి. లేసు పుస్తకంలో ఇంగ్లీషు వేరు, పెట్టెల మీద ఇంగ్లీషు వేరు.

ఒక్కొక్క ప్లేటునీ నల్లకాగితంలోంచి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, మిరపకాయల పక్కన చాప మీద వరసగా పరిచాను. వరసంటే వరస, మధ్యలో ఒక్కటి కూడా తప్పిపోలేదు. మిట్టమధ్యాహ్నం ఒకసారి వచ్చి అన్నీ తిరగేశాను, రెండోవైపు కూడా బాగా ఎండాలి కదా! పొద్దు వాలాక మళ్ళీ కాగితాల్లో చుట్టి, పెట్టెల్లో సర్ది, ఎక్కడివక్కడ పెట్టేశాను. నడుం పట్టేసిందనుకోండి. అయినా ఇల్లాలి ధర్మం కదా!

దొరగారిచ్చిన ప్లేట్లు అప్పటికి అయిపోయాయి, ఆ తర్వాతి సోమవారం మావారు కొత్తవాటితో నలభై ఫోటోల వరస మొదలుపెట్టారు. శనివారం వంటగదిలోంచి బయటికి వచ్చారు. మొదటిది నల్లగా వచ్చింది, మసిబొగ్గులా. రెండోదీ అంతే. ఆరూ అంతే. వేరే పెట్టె విప్పి చూశారు. అదీ అంతే. మావారు వసారాలో నా ఎదురుగా కూలబడ్డారు.

"ఏమై ఉంటుందంటావు సంపూర్ణం?"

"తేమ పట్టి ఉంటాయేమోనని మొన్న ఎండబెట్టానండీ."

"ఎన్ని?"

"అన్నీనండీ. రెండువైపులా."

మావారు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయారు. రెప్ప కూడా వేయలేదు. పాపం అనిపించింది, కాదనను. ఆయన అంత కదలకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. పదివేళ్ళూ లెక్కపెట్టుకోవచ్చు.

"పోతే ఏముందండీ, మళ్ళీ తీసుకోవచ్చుగా! నేనెక్కడికీ పోను" అన్నాను చాలా ప్రేమగా.

అంటూనే ఆరో చుట్టు ముగించి ఏడోది ఎత్తుకున్నాను. చెన్నపట్నం నుంచి కొత్త ప్లేట్లు తెప్పించుకోవాలంటే నెల పైనే పడుతుందట. క్రిస్మసు పడవ అంతకంటే ముందే వెళ్తుంది. ఇప్పుడుగనక నన్ను ఎవరైనా ఫోటో తీస్తే చేతులున్న చోట ఒట్టి పొగే పడుతుంది.